గుమ్మాల లెక్క: నెతన్యా ఇంట్లో ఏ గదికి మెజూజా కావాలి, ఏ గదికి అక్కర్లేదు (ప్రాజెక్టు డైరీ)

ఇజ్రాయెల్‌లో ఫినిషింగ్ పనులకు వచ్చిన మనవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ పని తగులుతుంది. ఇంటికి రంగులు, తలుపులు, టైల్స్ అన్నీ మారుస్తాం. చివర్లో యజమాని వచ్చి "మెజూజాలు ఎక్కడెక్కడ పెట్టాలి?" అని అడుగుతాడు. అప్పుడు సగం పని విప్పాల్సి వస్తుంది. ఈ లెక్క రంగు వేసేముందు కాదు, ప్లాను గీసేటప్పుడే తేలాలి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మెజూజా అంటే గుమ్మం నిలువుకు బిగించే చిన్న పెట్టె, దాని లోపల చేత్తో రాసిన తోలుపత్రం. ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం 4 నుంచి 9, 11వ అధ్యాయం 13 నుంచి 21 వచనాలు అందులో హీబ్రూలో ఉంటాయి. మొత్తం 22 వరుసలు, 713 అక్షరాలు. విలువంతా పత్రానిదే, పెట్టె ఎలాంటిదైనా ఫర్వాలేదు. ఇంటి నుంచి ఫోన్ చేసినవాళ్లు "దిష్టికా?" అని అడుగుతున్నారు. కాదు, యూదులకు ఇది ధర్మశాస్త్రం విధించిన ఆజ్ఞ. అందుకే ఇన్ని కొలతలు.

ఇల్లు: నెతన్యాలో సముద్రానికి దగ్గర, రెండంతస్తులు. కింద పెద్ద వయసు యజమాని దంపతులు, పైన వాళ్ల కూతురి కుటుంబం. యజమానిది తూర్పు ఐరోపా నుంచి వచ్చిన అష్కెనాజీ కుటుంబం, అల్లుడిది మొరాకో కుటుంబం. ఈ తేడా దశ 5లో పనికొస్తుంది.

దశ 1: పాతవి తీయడం

కూల్చే పని మొదలవకముందే పాత మెజూజాలన్నీ దించాలి. మన పద్ధతి ఇది:

1. ప్రతి పెట్టె మీద మాస్కింగ్ టేపు అంటించి, అది ఏ గుమ్మానిదో రాయాలి.
2. స్క్రూలు విప్పి తీయాలి. పైకి లాగకూడదు. పాత రంగు పెట్టెను గోడకు పట్టేసి ఉంటే ముందు కట్టర్ బ్లేడుతో అంచు కోయాలి.
3. పత్రాన్ని మనం విప్పి చూడకూడదు. శుభ్రమైన కవర్లో పెట్టి యజమానికి ఇవ్వాలి.
4. టూల్స్ బ్యాగులో వేయకూడదు, బాత్‌రూమ్ దగ్గర పెట్టకూడదు.

తొమ్మిది దొరికాయి. యజమాని వాటిని సోఫెర్‌కు, అంటే పత్రాలు రాసే, పరీక్షించే లేఖకుడికి, పంపారు. ఐదే పనికొస్తాయని తేలింది. మిగతా నాలుగూ ఎలా పాడయ్యాయో ప్రతి ఫినిషింగ్ పనివాడూ తెలుసుకోవాలి.

ఒకదాంట్లో మేకు పత్రంలోంచే దిగింది. పెట్టె గోడకు ఆనించి, లోపల పత్రం ఉండగానే కొట్టేశారు. రెండోదాని మీద ఎమల్షన్ రెండు కోట్లు పడింది, తడి లోపలికి దిగి అక్షరాలు ఒకదానికొకటి అంటుకున్నాయి. మిగిలిన రెండింటిలో సిరా పగిలి రాలింది. ఒక్క అక్షరం పోయినా పత్రం చెల్లదు. పోయిన అక్షరాన్ని తర్వాత దిద్దడమూ కుదరదు, ఎందుకంటే అక్షరాలు వరుసక్రమంలోనే రాసి ఉండాలి. ఇళ్లల్లో ఏడేళ్లకు రెండుసార్లు పరీక్ష చేయించాలన్న నియమం ఇందుకే ఉంది. చెల్లనివాటిని చెత్తలో వేయరు, పవిత్ర పత్రాలను పాతిపెట్టే చోటికి ఇస్తారు.

లెక్క: తీసినవి 9, పనికొచ్చేవి 5.

దశ 2: జాబితా

గదులు కాదు, గుమ్మాలు లెక్కపెట్టాలి. ఒక గదికి రెండు గుమ్మాలుంటే రెండింటినీ చూడాలి. తలుపు లేని ఖాళీ గుమ్మాలూ, ఆర్చ్‌లూ, బాల్కనీ స్లైడింగ్‌లూ, గేటూ అన్నీ రాయాలి. మొత్తం 24 వచ్చాయి, కింద, బయట కలిపి 12, పైన 12.

రబ్బీ గారు (యూదు మతగురువు) ఇచ్చిన ప్రశ్నలు కాగితం మీద రాసి సైటులో గోడకు అంటించాను. వీటి మూలం 12వ శతాబ్దపు యూదు ధర్మశాస్త్ర పండితుడు మైమోనిడీస్ చెప్పిన పది షరతులు. తర్వాతివాళ్లు కొన్నిటితో విభేదించారు, ఆ మాట వచ్చినచోట చెప్తాను.

1. గది నాలుగు మూరలు పొడవు, నాలుగు మూరలు వెడల్పు ఉందా?
2. గుమ్మానికి రెండు నిలువులు ఉన్నాయా?
3. పైన అడ్డం ఉందా?
4. గదికి కప్పు ఉందా?
5. తలుపు ఉందా?
6. గుమ్మం ఎత్తు పది బెత్తెలు ఉందా? (సుమారు 80 సెంటీమీటర్లు. మామూలు గుమ్మాలన్నీ ఇందులో పాసే.)
7. మనుషులు ఉండటానికి కట్టిందా?
8. గౌరవంగా ఉండే చోటా? బాత్‌రూమ్, టాయిలెట్ ఇక్కడే తప్పుకుంటాయి.
9. ఎప్పటికీ ఉండే కట్టడమా? పండక్కి వేసే పందిరి లాంటిది లెక్కలోకి రాదు.

పదోది ఆ చోటు పవిత్ర స్థలం కాకూడదన్నది, ఇంటికి అక్కర్లేదు. ప్రార్థనా మందిరంలో పని చేసేవాళ్లు మాత్రం విడిగా అడగండి. కేవలం ప్రార్థనకే వాడే మందిరానికి అవసరం లేదంటారు, పక్కనే ఎవరైనా నివాసముంటే లెక్క మారుతుంది.

మొదటి రౌండులో వచ్చింది:

కావాలి: మెట్ల హాలు ప్రధాన ద్వారం, కింది ఇంటి ద్వారం, పడకగది, మమాద్ (బాంబుల నుంచి కాపాడే కాంక్రీటు గది). పైన ఇంటి ద్వారం, వంటిల్లు, పడకగది, పిల్లల గది, మమాద్, చదువుకునే గది.

అక్కర్లేదు: రెండంతస్తుల్లోని ఐదు బాత్‌రూమ్, టాయిలెట్ గుమ్మాలు, మెట్ల కింద చిన్న సామాను అర, వీధి గేటు. గేటుకు రెండు స్తంభాలున్నాయి కానీ పైన అడ్డంగా ఏమీ లేదు.

అనుమానం: కింద ఆర్చ్, తలుపు తీసేసిన వంటిల్లు, బట్టలు ఉతికే చిన్న బాల్కనీ, పెద్ద బాల్కనీ. పైన బట్టల గది, బాల్కనీ, కారిడార్ మొదలు.

లెక్క: కావాలి 10, అక్కర్లేదు 7, అనుమానం 7.

దశ 3: అనుమానాలకు టేపు

ఇక్కడే ఎక్కువ సమయం పోయింది. మొదటి గొడవ మూర ఎంత అన్నది. ఒక లెక్కలో మూర 48 సెంటీమీటర్లు, ఇంకో లెక్కలో సుమారు 58. అంటే నాలుగు మూరలు ఒకరికి 1.92 మీటర్లు, ఇంకొకరికి దాదాపు 2.3. మధ్యలో పడ్డ గదికి సాధారణంగా మెజూజా పెట్టేస్తారు, కానీ బ్రాఖా చదవరు. బ్రాఖా అంటే ఆజ్ఞ పాటించేముందు దేవుణ్ణి స్తుతిస్తూ చదివే వాక్యం. పెట్టాలా వద్దా అన్నదానికీ, బ్రాఖాతోనా అది లేకుండానా అన్నదానికీ జాబితాలో రెండు వేర్వేరు గడులు ఉండాలి. మా సూపర్‌వైజర్ ఇచ్చిన ఫార్మాట్లో ఒకటే ఉంది, మార్చాం.

రెండో గొడవ పొడవాటి సన్నటి చోట్లది. పై బాల్కనీ వెడల్పు 1.5, పొడవు 5 మీటర్లు. వెడల్పు చూస్తే నాలుగు మూరలు లేవు. వైశాల్యం చూస్తే 7.5 చదరపు మీటర్లు, అంటే 16 చదరపు మూరలకు పైనే (48 లెక్కలో 3.7, 58 లెక్కలో 5.4 చాలు). వైశాల్యం సరిపోతే చాలన్నది మైమోనిడీస్ మాట. పొడవు, వెడల్పు రెండూ నాలుగేసి ఉండాలన్నది ఇంకో పక్షం. ఇలాంటిచోట మనం గుండ్రంగా "చిన్న బాల్కనీ" అని రాస్తే రబ్బీ గారికి ఏమీ ఉపయోగపడదు. పొడవు, వెడల్పు, వైశాల్యం, కప్పు ఉందా లేదా, గుమ్మం ఫొటో రెండువైపుల నుంచీ పంపాలి.

కొలతలకు లేజర్ మీటర్ వాడాం. ప్లాస్టరింగ్ అయ్యాకే కొలవాలి. బట్టలు ఉతికే బాల్కనీలో గోడలకు టైల్స్ వచ్చాక వెడల్పు 1.43 నుంచి 1.40కి దిగింది. అక్కడ ఫలితం మారలేదు కానీ అంచు మీద ఉన్న గదికి ఆ మూడు సెంటీమీటర్లే నిర్ణయిస్తాయి.

దశ 4: తీర్పులు

ఇవి ఈ ఇంటికి ఈ రబ్బీ గారు చెప్పినవి. మీ ఇంటికి మీ యజమాని అడిగే రబ్బీ గారి మాటే చెల్లుతుంది.

కింద ఆర్చ్: నిలువు భాగం 1.62 మీటర్లు తిన్నగా వచ్చి తర్వాత వంగింది. వంపు మొదలయ్యేలోపు పది బెత్తెలు ఉన్నాయి కాబట్టి కావాలి.

తలుపు లేని వంటిల్లు: మైమోనిడీస్ తలుపు ఉండాలన్నారు, మిగతావాళ్లు అక్కర్లేదన్నారు. పెట్టాలి, బ్రాఖా లేకుండా. తలుపు తీసేయమన్నది డిజైనర్ ఆలోచన. ఒక్క బందు పీకేస్తే ఇంత చర్చ ఉంటుందని ఆయనకూ తెలియదు.

కింద పెద్ద బాల్కనీ: 2.1కి 4.2, కప్పు ఉంది. 1.92 దాటింది, 2.3 దాటలేదు. పెట్టాలి, బ్రాఖా లేకుండా, బాల్కనీలోకి వెళ్లేటప్పుడు కుడివైపు.

పై బాల్కనీ: పెట్టాలి, బ్రాఖా లేకుండా, ఇంట్లోకి వచ్చేటప్పుడు కుడివైపు. కింద ఒకలా, పైన ఇంకోలా ఏమిటని అల్లుడు గారు అడిగారు. కిందది గదిలా వాడుకునేంత వెడల్పు ఉంది కాబట్టి అటువైపు లోపల అవుతుంది. పైది అంత లేదు కాబట్టి ఇల్లే లోపల. బాల్కనీల విషయంలో రబ్బీల మధ్యే పెద్ద తేడాలున్నాయి, దీన్ని మాత్రం కాపీ కొట్టకండి.

బట్టలు ఉతికే బాల్కనీ: 1.4కి 2.3. ఏ లెక్కలోనూ చాలదు, పైగా మాసిన బట్టల చోటు. అక్కర్లేదు.

పైన బట్టల గది: 1.6కి 1.5. అక్కర్లేదన్నారు. దీన్నే పెద్ద పడకగదిలోకి వచ్చే గుమ్మంగా లెక్కేసి పెట్టించే రబ్బీలూ ఉన్నారు.

పైన కారిడార్ మొదలు: ఎడమవైపు గోడ ముందుకు పొడుచుకొచ్చింది, కుడివైపు గోడ తిన్నగా సాగిపోయింది. కుడి నిలువే లేదు, కాబట్టి అక్కర్లేదు. సరిగ్గా ఇక్కడే అందం కోసం రెండువైపులా చెక్క పట్టీలు, పైన అడ్డపట్టీ కొట్టాలని ప్లానులో ఉంది. కొడితే అది పూర్తి గుమ్మం అయిపోతుంది, ప్రశ్న మళ్లీ మొదలవుతుంది. యజమానికి ముందే చెప్పాం, పట్టీలు రద్దు చేశారు.

కింద మమాద్‌లో కేర్‌గివర్ ఉంటుంది, కామారెడ్డి అక్క. "నేను యూదురాలిని కాదు కదన్నా, నా గదికి ఎందుకు?" అంది. ఇల్లు యజమానిది, గదిలో ఆయన బీరువా ఉంది, సైరన్ మోగితే అందరూ పరుగెత్తేది అందులోకే. ఆ గదిని ఆమెకు విడిగా అద్దెకు ఇవ్వలేదు. అందుకే కావాలన్నారు. ఇల్లు మొత్తం యూదులు కానివాళ్లకు అద్దెకిస్తే కథ వేరు.

లెక్క: కావాలి 14, అక్కర్లేదు 10. పాతవి 5 ఉన్నాయి, కొత్తవి 9 కొనాలి.

దశ 5: వైపు, ఎత్తు, వంపు

వైపు: లోపలికి వెళ్లేటప్పుడు కుడి. రెండు గదుల మధ్య గుమ్మంలో ఏది లోపలో తేలకపోతే తలుపు ఏ గదిలోకి తెరుచుకుంటే అది లోపల. మమాద్ దగ్గర ఇది మనల్ని పక్కదారి పట్టిస్తుంది. దాని ఇనుప తలుపు బయటికి తెరుచుకుంటుంది. తలుపును బట్టి పోతే కారిడార్ లోపల అవుతుంది. కానీ మమాద్‌కు ఒకటే దారి, అది చివరి గది. అనుమానమే లేనిచోట తలుపు సాక్ష్యం అక్కర్లేదు. మమాద్‌లోకి వెళ్లేటప్పుడు కుడి, అంతే.

ఎత్తు: గుమ్మం ఎత్తును మూడు భాగాలు చేసి, పై భాగం మొదలయ్యేచోట పెట్టె అడుగు రావాలి. ఎత్తు × 2 ÷ 3. టైల్స్ వేయకముందు సూపర్‌వైజర్ అన్ని గుమ్మాలకూ పెన్సిల్ గీతలు పెట్టించాడు. గుమ్మం 2.10, గీత 1.40. తర్వాత నేల 4 సెంటీమీటర్లు లేచింది. గుమ్మం 2.06 అయింది, గీత ఉండాల్సింది 1.373 దగ్గర. పాత గీత కొత్త నేల నుంచి 1.36లో ఉంది. సెంటీమీటరు పైచిలుకు కింద, అంటే మధ్య భాగంలోకి దిగిపోయింది. అన్నీ చెరిపి మళ్లీ గీశాం. ఇప్పుడు గీతకు రెండు సెంటీమీటర్లు పైనే పెడుతున్నాం.

ఆర్చ్‌కు ఈ సూత్రం కుదరలేదు. మొత్తం 2.35కు లెక్కేస్తే 1.57 వస్తుంది, 16 సెంటీమీటర్ల పెట్టె వంపు మీదికి పోతుంది. తిన్నగా ఉన్న భాగంలోనే పైకి పెట్టమన్నారు, అడుగు 1.45 దగ్గర.

లోతు: గుమ్మం మందంలో బయటి అంచు నుంచి బెత్తెడు లోపు.

వంపు: అష్కెనాజీలు పై కొస గది వైపు వాలేలా పెడతారు. నిలువుగా ఉండాలన్న మధ్యయుగ పండితుడు రాషీకీ, అడ్డంగా ఉండాలన్న ఆయన మనవడు రబ్బేను తామ్‌కీ మధ్య రాజీ అది. సెఫార్దీలు (అల్లుడి మొరాకో కుటుంబం లాంటివాళ్లు) నిలువుగా పెడతారు. అందుకని కింద వంపు, పైన నిలువు. ఎండీఎఫ్ ముక్కతో రెండు మూసలు చేశాం. కింద బాల్కనీ అల్యూమినియం పట్టీ 4 సెంటీమీటర్లే, వాలిస్తే పెట్టె బయటికి పొడుచుకొస్తుంది. అక్కడ నిలువుగా పెట్టేయమన్నారు.

దశ 6: బిగించడం

ముందుగా ఒక విషయం. పెట్టేది యజమాని, మనం కాదు. ఆజ్ఞ ఎవరికి వర్తిస్తుందో వాళ్లే పెట్టాలి. మనం గీత గీస్తాం, రంధ్రం వేస్తాం, స్క్రూ చేతికి అందిస్తాం. "మేమే బిగించేస్తాం సార్, మీకెందుకు శ్రమ" అనకండి. మళ్లీ విప్పి పెట్టుకోవాల్సి వస్తుంది.

పెట్టెలు మొదటి విడత పనికిరాలేదు. పత్రాలు 12 సెంటీమీటర్లవి. ఆన్‌లైన్లో "12" అని రాసి తెప్పించినవాటిని వెర్నియర్‌తో కొలిస్తే లోపలి పొడవు 11.4. మూత నొక్కితే పత్రం అంచు మడతపడుతుంది, అక్షరాలు విరుగుతాయి. అన్నీ వెనక్కి పంపి, లోపల 13, బయట 16 ఉన్నవి తెప్పించారు. పత్రం చేతికి రాకముందే అదే పొడవు కాగితం చుట్టి సరిపోతుందో లేదో చూడండి.

చెక్క ద్వారబంధాలకు:

1. ఖాళీ పెట్టెను మూసతో పెట్టి రంధ్రాల గుర్తులు పెట్టాలి.
2. పెట్టె తీసేసి 2.5 మిల్లీమీటర్ల బిట్‌తో రంధ్రం వేయాలి.
3. పొడి తుడవాలి.
4. యజమాని పత్రం పెట్టి, పైనా కిందా రెండు స్క్రూలు బిగిస్తారు. పైన ఒక్కటే బిగిస్తే వేలాడినట్టే, అది చెల్లదు.

మమాద్‌కు డ్రిల్ వాడకూడదు. తలుపు మూస్తే గాలి చొరబడకుండా ఉండాల్సిన గది, దాని ఇనుప చట్రానికి తూటు పడకూడదు. డబుల్ సైడ్ ఫోమ్ టేపుతో మొదటి ప్రయత్నం ఫెయిల్. సముద్రపు తేమకు, ఎండకు పెట్టె మెల్లగా జారింది. అదృష్టం, ఖాళీ పెట్టెతోనే పరీక్షించాం. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఇనుమును తుప్పు పట్టిస్తుంది, వద్దు. న్యూట్రల్ సిలికాన్ తెప్పించాం. చట్రాన్ని ఆల్కహాల్‌తో తుడిచి, పెట్టె వెనక పైనుంచి కింద దాకా పూసి, మాస్కింగ్ టేపుతో 24 గంటలు పట్టి ఉంచితే కదల్లేదు.

ఇంకో చిక్కు: మమాద్ గుమ్మం మందంలో పెడితే తలుపు మూసుకోదు. చట్రం బయటి ముఖం మీద, గుమ్మం అంచుకు బెత్తెడు లోపు పెట్టమన్నారు. కింది మమాద్‌కు కుడివైపే బందులు. తలుపు పూర్తిగా తెరిస్తే గోడకూ రెక్కకూ మధ్య 3 సెంటీమీటర్ల సందు. యజమాని భార్యకు నచ్చిన చెక్క పెట్టె మందం 2.8. సిలికాన్ మందం కలిపితే తగులుతుంది. 1.6 మందం ప్లాస్టిక్‌ది పెట్టి చెక్కది పడకగదికి మార్చాం. ఆమెకు ఇంకా కొంచెం కోపమే.

బిగించేరోజు యజమాని తన ఇంటి ప్రధాన ద్వారంతో మొదలుపెట్టి, ఒక్కసారే బ్రాఖా చదివి, మధ్యలో వేరే మాట మాట్లాడకుండా కింది అంతస్తు పూర్తి చేశారు. ఇలా చేస్తే బ్రాఖా విషయంలో అనుమానమున్న గుమ్మాలూ అదే వరుసలో కలిసిపోతాయి. పైన అల్లుడు గారు విడిగా చేశారు.

లెక్క: బిగించినవి 14. వంపుగా 6, నిలువుగా 8.

దశ 7: గేటు మళ్లీ వచ్చింది

అన్నీ అయ్యాక తోటమాలి సలహాతో గేటు స్తంభాల మీద పూల తీగ కోసం అడ్డ దూలం వేశారు. రెండు నిలువులు ముందే ఉన్నాయి, ఇప్పుడు పైన అడ్డం. ఇంటి ఆవరణ గేటుకు కూడా ఆజ్ఞ వర్తిస్తుంది. ఫొటో పంపితే రబ్బీ గారు కావాలన్నారు. దూలం కింద ఎత్తు 2.40, గీత 1.60.

నేరుగా ఎండా వానా తగిలే చోటు. నల్ల అల్యూమినియం పెట్టె మధ్యాహ్నం చేత్తో ముట్టుకోలేనంత వేడెక్కింది, కాబట్టి తెల్లటి దళసరి ప్లాస్టిక్‌ది, రబ్బరు బిరడా ఉన్నది తీసుకున్నాం. వాన నీళ్లు ఎక్కువగా వెనక స్క్రూ రంధ్రాల్లోంచి వస్తాయి. రాతి స్తంభానికి ప్లగ్గులు దించి, రంధ్రాల్లో సిలికాన్ నింపి, పెట్టె చుట్టూ పైనా పక్కలా పూసి, అడుగున మాత్రం తడి దిగిపోవడానికి సన్నటి సందు వదిలాం.

చివరి లెక్క: గుమ్మాలు 24. మెజూజా ఉన్నవి 15 (పాతవి 5, కొత్తవి 10), అక్కర్లేనివి 9. వంపుగా 7, నిలువుగా 8.

మిగిలినవి: గేటు పెట్టెను మొదటి వాన తర్వాత ఒకసారి, చలికాలం అయ్యాక ఇంకోసారి విప్పి చూడాలి, తడి కనిపిస్తే పత్రం సోఫెర్‌కు వెళ్లాలి. గుమ్మాల పట్టిక, కొలతలతో సహా, కరెంటు బోర్డు తలుపు లోపల అంటించాం, తర్వాత వచ్చే పెయింటర్ పెట్టెలు తీయకుండా బ్రష్ పెట్టొద్దన్న గమనికతో.